గాలిని బస్తాకెత్తిన కథ

గడిచిన శతాబ్దంలో అన్నిటికన్నా పెద్ద సంఘటన ఏదంటే ప్రపంచ యుద్ధాలనో, హిరోషిమా అనో, చంద్రుడి మీద కాలు మోపడమనో చెబుతాం. 1909 జులై 2 ఎవరి నోటా రాదు. ఆ రోజు జర్మనీలోని కార్ల్‌స్రూహేలో ఓ ప్రయోగశాల గొట్టం చివర నుంచి ఘాటైన ద్రవం చుక్క చుక్కగా కారింది. సొసైటీ గోడౌను ముందు రైతులు చెప్పులు, పాసుపుస్తకాలు వరసలో పెట్టి ఎదురుచూసే యూరియా బస్తా ఆ చుక్కల వంశమే.

అంతకుముందు ఎరువంటే పెంటకుప్ప, చెరువు మట్టి, చేలో పెట్టించిన గొర్రెల మంద, దమ్ములో తొక్కించిన జీలుగ. ఇవన్నీ నేలకు ప్రధానంగా ఇచ్చేది నత్రజని. గాలిలో 78 శాతం అదే. కానీ దాని పరమాణువులు రెండేసి జతకట్టి, మూడు ముళ్లు బిగించుకుని ఉంటాయి. ఆ ముడి విప్పడం పైరుకు చేతకాదు. పిడుగు విప్పుతుంది. జీలుగ వేళ్ల బుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవులు విప్పుతాయి.

నత్రజని కరువు తీర్చుకోవడానికి 19వ శతాబ్దపు ఐరోపా సముద్రాలు దాటింది. పెరూ తీరంలోని చించా దీవుల్లో గుట్టలుగా పేరుకున్న పక్షి రెట్టను ఓడలకెత్తింది. అది తరిగిపోతుంటే దక్షిణ అమెరికా ఎడారుల్లోని నైట్రేటు మీద పడింది. ఆ ఎడారి కోసమే 1879లో చిలీ ఒకవైపు, పెరూ, బొలీవియా ఒకవైపు నిలబడి కొట్టుకున్నాయి. 1898లో బ్రిస్టల్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో విలియం క్రూక్స్ హెచ్చరించాడు: నైట్రేటు నిల్వలు అయిపోతే గోధుమ తినే జాతులకు ఆకలి తప్పదు, గాలిలోని నత్రజనిని పట్టే ఉపాయం రసాయన శాస్త్రం చూపించాలి.

చూపించినవాడు ఫ్రిట్జ్ హాబర్. సహాయకుడు రాబర్ట్ లె రొసిన్యోల్‌తో కలిసి నత్రజనిని, హైడ్రోజన్‌ను దాదాపు రెండు వందల రెట్లు గాలి ఒత్తిడిలో, అయిదారు వందల డిగ్రీల వేడిలో ఆస్మియం లోహం మీదుగా పంపాడు. అమ్మోనియా వచ్చింది. జులై 2న అది చూడటానికి వచ్చినవాళ్లు బీఏఎస్ఎఫ్ కంపెనీ మనుషులు.

గిన్నెడు సరుకును ఫ్యాక్టరీ సరుకు చేసే పని ఆ కంపెనీలోని కార్ల్ బోష్ మీద పడింది. ఆస్మియం అపురూపం. ఆల్విన్ మిట్టాష్ బృందం వేల పరీక్షలు చేసి చివరకు మామూలు ఇనుముకే కొద్దిగా ఇతర ఖనిజాలు కలిపితే చాలని తేల్చింది. మరో చిక్కు ఉక్కు గొట్టాలది. హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి అందులోని కార్బన్‌ను తినేసేది. గొట్టం పెళుసై పగిలేది. బోష్ లోపల మెత్తని ఇనుముతో అస్తరు వేశాడు, బయటి ఉక్కుకు సన్నని రంధ్రాలు పెట్టి చొరబడిన వాయువు బయటికి పోయే దారి చేశాడు. 1913లో ఒప్పౌ ఫ్యాక్టరీ నడవడం మొదలైంది.

మరుసటి ఏడే యుద్ధం. బ్రిటన్ నౌకలు చిలీ దారి మూసేశాయి. పొలానికి పోవలసిన నత్రజని తుపాకి మందుకు మళ్లింది. ఒప్పౌ లేకపోతే జర్మనీ అంతకాలం నిలబడేది కాదని చరిత్రకారులు చాలామంది అంటారు. హాబర్ 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ దగ్గర క్లోరిన్ వాయువు దాడిని దగ్గరుండి నడిపించాడు. కొద్ది రోజులకే, తానూ రసాయన శాస్త్రవేత్త అయిన ఆయన భార్య క్లారా ఆత్మహత్య చేసుకుంది. 1918కి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. 1921లో ఒప్పౌలో ఎరువుల నిల్వ పేలి అయిదు వందల మందికి పైగా చనిపోయారు. దేశం కోసం అంత చేసిన హాబర్ యూదుడు కావడంతో 1933లో జర్మనీ విడిచి, మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లో కన్నుమూశాడు.

ఇక యూరియా. మూత్రంలో ఉండే పదార్థం కనుక ఆ పేరు. 1828లో ఫ్రెడరిక్ వోలర్ దాన్ని ఏ జీవీ అక్కర్లేకుండా ప్రయోగశాలలో తయారు చేశాడు. ఆ ముచ్చట శతాబ్దం పాటు పుస్తకాల్లోనే ఉండిపోయింది. అమ్మోనియా చవకయ్యాక 1920లలో దాన్ని బొగ్గుపులుసు వాయువుతో కలిపి ఫ్యాక్టరీలో వండటం మొదలైంది. నూటికి 46 పాళ్లు నత్రజని ఉన్న ఈ తెల్లని పలుకులు మోయడానికీ చల్లడానికీ తేలిక.

ఈ సీమ ఎరువుకు మన పాత వరి వంగడాలు తట్టుకోలేదు. ఎక్కువ వేస్తే ఏపుగా పెరిగి గాలివానకు పడిపోయేవి. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పొట్టి వంగడం ఐఆర్-8 ఆ చిక్కు తీర్చింది. పశ్చిమ గోదావరిలోని ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని తొలిరోజుల్లోనే పండించి పేరు తెచ్చుకున్నారు. తర్వాత యూరియా మన నేల మీదే తయారైంది. రామగుండంలో 1980లో బొగ్గుతో మొదలైన ఫ్యాక్టరీ 1999లో ఆగిపోయి, 2021లో సహజవాయువుతో మళ్లీ కొలిమి రాజేసింది. కాకినాడలో నాగార్జున ఫ్యాక్టరీ వెలిసింది.

1900లో భూమ్మీద సుమారు 160 కోట్ల మంది. శతాబ్దం ముగిసేసరికి 600 కోట్లు. ఇవాళ్టి జనంలో దాదాపు సగం మంది కడుపు ఈ అమ్మోనియా మీదే ఆధారపడి ఉందని లెక్కలు చెబుతున్నాయి.

దానికి బాకీ కూడా ఉంది. వరికి చల్లిన నత్రజనిలో చాలాసార్లు సగం కూడా పైరుకు అందదు. మిగతాది నీళ్లలో, గాలిలో కలుస్తుంది. పైరు నల్లగా మిసమిసలాడితే దోమపోటూ వెంటే వస్తుంది. అందుకే యూరియా నెమ్మదిగా కరగాలని 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి చేశారు. 50 కిలోల బస్తాను 2018లో 45 కిలోలకు తగ్గించారు.

ఇప్పుడు శాస్త్రవేత్తలు మళ్లీ బుడిపెల వేళ్ల దగ్గరికే వెళ్లారు. ఆ కాపురాన్ని వరి వేళ్లకూ అలవాటు చేయగలమా అని చూస్తున్నారు. బోష్ గొట్టాలను పగలగొట్టిన పనిని, జీలుగ వేరు బురదలో, మామూలు ఎండవేడిలో, ఏ చప్పుడూ లేకుండా చేసుకుపోతోంది.