కోటను చూసిన కన్ను, ఊరిని చూసిన కన్ను

ఏటా ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం రాగానే ఓరుగల్లు పేరు పత్రికలకెక్కుతుంది. వేయి స్తంభాల గుడి, ఖిలా వరంగల్‌లో నాలుగు తోరణాలు, ఖుష్ మహల్, భద్రకాళి చెరువు, పొద్దుంటే రామప్ప దాకా ఒక పరుగు. చూడవలసినవాటి పట్టీ అక్కడితో ముగుస్తుంది. పట్టీలో తప్పు లేదు గాని, అందులో ఉన్నవన్నీ రాళ్ళూ నీళ్ళే. ఒక రాజధానిని ఇలా చూడటం మనకెలా అలవాటైందని వెతుకుతూ పోతే రెండు పాత చూపులు ఎదురవుతాయి. ఒకటి కోటను ముట్టడించినవారిది, రెండోది ఊళ్ళో కాలినడకన తిరిగినవారిది. మన పర్యాటకం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసిందని నా వాదన.

కాకతీయ రాజు రుద్రదేవుడు అనుమకొండలో వేయి స్తంభాల గుడి కట్టించింది 1163లో. గణపతిదేవుడి కాలానికి రాజధాని ఓరుగల్లుకు మారింది, రుద్రమదేవి ఏలుబడిలో కోట పని పూర్తయింది. లోపల రాతికోట, బయట మట్టికోట, వాటిని చుట్టి కందకాలు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడిని వర్ణించిన ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ గట్టితనానికి ఆశ్చర్యపోయాడు. ఈటె దిగదని, యంత్రాలు విసిరిన రాళ్ళు తగిలి వెనక్కి వస్తాయని రాశాడు. ఆయన కంటికి ఓరుగల్లంటే గోడ, కందకం, ద్వారం, లోపలి ధనం. 1323లో ఢిల్లీ యువరాజు ఉలూఘ్ ఖాన్ చేతిలో రాజధాని పడిపోయి సుల్తాన్‌పూర్ అయింది. ఆ తరువాత ముసునూరి కాపయనాయకుడు, రేచర్ల వెలమలు, బహమనీలు, షితాబ్ ఖాన్, కుతుబ్ షాహీలు, అసఫ్‌జాహీలు. ఆ శతాబ్దాల్లో ఊరు ఎలా బతికిందో చెప్పే ఆధారాలు పలచన. నేటి సందర్శకుడికి మనం చూపించేది మాత్రం ఇప్పటికీ గోడ, కందకం, ద్వారమే.

రెండో చూపు క్రీడాభిరామంలో ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరిట నిలిచిన ఈ వీథి నాటకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక్క రోజు ఓరుగల్లంతా తిరుగుతారు. కథంటూ పెద్దగా లేదు. నడక, చూడటం, చూసినదాని మీద మాటలు, అంతే. రాజమార్గం ఏనుగులతో, గుర్రాలతో, బండ్లతో, భటులతో కిక్కిరిసి ఉంటే సందుదారి పడతారు. జక్కుల స్త్రీ కామవల్లి కథ పాడుతూ ఎదురొస్తుంది. మరోచోట పల్నాటి వీరుల గాథ తాళం మీద సాగుతుంటుంది. కాకతమ్మకు తోబుట్టువుగా జనం కొలిచే ఏకవీర గుడి, మైలారుదేవుడి భక్తులు నిప్పుల్లోకి నడిచే సాహసాలు, పాములవాళ్ళు, పొట్టేళ్ళ పోరు, కోడిపందెం కనిపిస్తాయి. ఆకలేస్తే లక్ష్మణవజ్ఝల పూటకూళ్ళ ఇల్లుంది. అక్కడ ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు దొరుకుతాయి. ఇంటివాడి పేరు, వంటకాల వరస, వెల మూడూ చెప్పి ఊరికి కొత్తవాడిని భోజనానికి పంపగలిగిన రచన మన పాత సాహిత్యంలో ఇలాంటిది ఇంకెన్ని ఉన్నాయి? చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి కొలువులో పేరున్న వేశ్య మాచల్దేవి ఇంటికీ వెళ్తారు. ఆమె చిత్రశాల గోడల మీద పురాణాల ప్రణయ కథలు బొమ్మలై ఉంటాయి. కాకతీయుల శిల్పం గురించి తెలిసినంతగా వారి కాలపు ఇంటిగోడల మీది బొమ్మల గురించి మనకు తెలియదు. ఆ లోటు కొంతైనా తీర్చేది ఈ ఘట్టమే.

ఇది కావ్యం కదా, చరిత్రకు సాక్ష్యమెలా అవుతుందన్న ఆక్షేపణ న్యాయమైనదే. రచన రాజధాని పడిపోయిన తరువాతిది. కర్త వల్లభరాయుడు కాదు, శ్రీనాథుడని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు. శృంగారం పాలు ఎక్కువ కాబట్టి కుటుంబాలతో వచ్చేవారికి దీన్ని దారిచూపిగా ఇవ్వలేమనేవారూ ఉంటారు. అయితే దీనికి మూలం రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామమని కావ్యమే చెబుతోంది. కాబట్టి ఇందులోని ఊరు ఒక్క కవి ఊహ కాదు. పైగా రాజు గొప్పను పెంచి చెప్పే కవికి పూటకూటి వెలను పెంచి చెప్పే అవసరం ఉండదు. దారిలో అలవోకగా దొర్లిన వివరమే తరచు నమ్మదగిన సాక్ష్యం. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసేటప్పుడు క్రీడాభిరామాన్ని అంతగా ఆశ్రయించింది అందుకే. ఇక శృంగారం మాటకొస్తే, కావ్యంలో అదొక భాగం. పాటలు, పందేలు, గుళ్ళు, భోజనం చూపించడానికి దాన్ని అడ్డు చెప్పుకోనక్కరలేదు.

ఇంకా బలమైన ఆక్షేపణ ఒకటుంది. తోరణం కళ్ళెదుట ఉంది, పూటకూళ్ళ ఇల్లు లేదు, లేనిదాన్ని ఎలా చూపిస్తాం? దీనికి జవాబు ఊరి చుట్టుపక్కలే దొరుకుతుంది. ఏకవీర గుడి మొగిలిచెర్లలో ఉంది. మైలారుదేవుడే మన మల్లన్న అని పరిశోధకుల మాట. వరంగల్ దగ్గరి ఐనవోలులో సంక్రాంతికి మల్లన్న జాతర మొదలవుతుంది, ఒగ్గు కళాకారులు కథ చెబుతారు, రంగుల పొడులతో పట్నాలు వేస్తారు. మంచనశర్మ ఆగి చూసిన ఆటపాటల గోత్రానికి చెందినవే ఇవి. కోట లోపల కూడా ఇప్పటికీ ఇళ్ళున్నాయి, పంటపొలాలున్నాయి. కోటను ఊరుగా చూపించే అవకాశం పోలేదు.

మన కాలానికి వచ్చేసరికి కథ ఒక దారిన సాగదు. 2006లో విప్పదీసిన వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం మళ్ళీ నిలబడి తెరుచుకునేసరికి 2024 వచ్చింది. రామప్ప 2021లో యునెస్కో జాబితాలో చేరింది, దాంతో సందర్శకుల దృష్టి అటు మళ్ళింది. కాకతీయ తోరణం 2014లో చార్మినార్‌తో కలిసి తెలంగాణ అధికార చిహ్నంలోకి ఎక్కింది. పదేళ్ళకు చిహ్నం మార్పు ప్రయత్నం మీద పెద్ద రగడే నడిచింది. ఆ వాదాలన్నిటిలో తోరణం పేరు లెక్కలేనన్నిసార్లు వినిపించింది, దాని కిందుగా నడిచిన మనుషుల ఊసు రాలేదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ క్రీడాభిరామాన్ని ఆంగ్లంలోకి తెచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు ప్రేమికుడి వరంగల్ మార్గదర్శి అనే అర్థం వచ్చేది. 2002లో ఆ పుస్తకం వచ్చింది మొదలు తెలుగు రాని పాఠకుడికి కూడా ఓరుగల్లు సందుల్లో నడిచే వీలుంది. అదే నడకను అచ్చ తెలుగులో చెప్పే ఒక చిన్న పుస్తకం తోరణాల దగ్గర టిక్కెట్టుతో పాటు చేతికిస్తే, మధ్యాహ్నం ఎండలో ఆ ఖాళీ మైదానంలో నిలబడినవాడికి జక్కుల పాట ఏ దిక్కునుంచి వచ్చి ఉంటుందో వెతకాలనిపిస్తుంది.