మూసారాంబాగ్ గుట్ట మీద నా రెండు అక్షరాలు

1984లో మా బ్యాచ్ తొమ్మిదో తరగతి. ఒక ఆదివారం పొద్దున మన సోషల్ సారు నలభై మందిమి దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ దగ్గర చేరాక, "పుస్తకంల ఉన్న చరిత్ర పరీక్షకు. మన ఊరి చరిత్రకు నడవాలె" అని ముందు నడిచారు. హెరిటేజ్ వాక్ అనే మాట అప్పటికి మేం వినలేదు.

టీవీ టవర్ దాటి, ఆస్మాన్‌గఢ్ పక్కన గుట్ట ఎక్కాం. పైన విశాలమైన రాతి వేదిక. దాని మీద 23 అడుగుల నల్లరాతి స్తంభం. స్తంభం మీద జె.ఆర్. అని రెండు ఇంగ్లీషు అక్షరాలు. పక్కనే గ్రీకు పద్ధతిలో స్తంభాల మంటపం.

అది మిషెల్ జోకిమ్ మరీ రేమండ్ సమాధి. ఫ్రాన్స్ నైరుతి మూలన గాస్కనీలో 1755లో పుట్టి, ఇరవై ఏళ్ల వయసులో పాండిచ్చేరి చేరి, 1786లో నిజాం అలీఖాన్ కొలువులోకి వచ్చాడు. వేల మంది సిపాయిలకు యూరప్ తరహా కవాతు నేర్పాడు, ఫిరంగులు పోయించాడు. మన గన్‌ఫౌండ్రీకి ఆ పేరు అలాగే వచ్చింది. 1795లో మరాఠాలతో ఖర్దా యుద్ధంలో నిజాం ఓడినా, రేమండ్ దళం మీద నమ్మకం పోలేదు. ముస్లింలు ఆయన్ని మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ ఆ పేరుతోనే నిలిచింది.

1798 మార్చి 25న ఆయన చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో జీతాలు బకాయి పడ్డ సిపాయిలు తమ ఫ్రెంచి అధికారుల మీదే తిరగబడ్డారు. ఆ అదను చూసి ఇంగ్లీషువాళ్లు దళాన్ని నిరాయుధం చేశారు. ఏడు నెలల్లో హైదరాబాదు దారి మారిపోయిందని సారు ఆ మెట్ల మీద కూర్చుని చెప్పారు.

ఆయన చెబుతుండగానే నేను జామెట్రీ బాక్సులో కంపాస్ తీసి మంటపం స్తంభం మీద నా పేరులోని రెండు అక్షరాలు గీకాను. సారు చూశారు. కొట్టలేదు. "రాయాలనుంటే నోట్‌బుక్కుల రాయిరా, రాయి మీద కాదు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

అక్కడి నుంచి సరూర్‌నగర్ చెరువుకు నడిచాం. కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించింది. తర్వాత విక్టోరియా మెమోరియల్ హోం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కట్టించిన ప్యాలెస్, విక్టోరియా రాణి జ్ఞాపకార్థం అనాథ పిల్లలకు ఇల్లయింది. రాజు ఉండని ఇంట్లో పిల్లలు చదువుకున్నారని సారు మురిసిపోయారు.

2001 అక్టోబరులో నేను ఉద్యోగరీత్యా పుణెలో ఉన్నాను. భారీ వర్షాలకు రేమండ్ సమాధి దగ్గరి మంటపం కూలిందని పేపర్లో చదివాను. తర్వాత దాన్ని మళ్లీ కట్టారు. సెలవుల్లో వచ్చినప్పుడు గుట్ట ఎక్కి ఒక్కో స్తంభం తడిమి చూశాను. నా అక్షరాలు కనబడలేదు. కంపాస్ గీతకు కప్పు కూలదని సివిల్ ఇంజనీరుగా నాకు తెలుసు. కానీ ఎవరూ పట్టించుకోని కట్టడానికి నేను చేసింది ఆ గీత ఒక్కటే. ఆ మాట సారుతో చెప్పాలనుకుంటూనే వాయిదా వేశాను. ఇప్పుడు ఆయన లేరు.

2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు కూడా ఆ నడకే గుర్తొచ్చింది. ఆ రోజు సారు నీళ్లు ఎటు నుంచి వస్తాయో, మూసీ వైపు ఎటు పోతాయో చేత్తో చూపించారు. ఆయన చూపించిన దారిలో ఇవాళ ఇళ్లున్నాయి. నీళ్లు మాత్రం దారి మరిచిపోలేదు.

2018 నుంచి ఈ దారి మీదుగా మెట్రో నడుస్తోంది. మూసారాంబాగ్‌లో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, తర్వాత విక్టోరియా మెమోరియల్, చివర ఎల్బీనగర్. స్టేషన్ల పేర్లలోనే సారు పాఠం సగం ఉంది. మిగతా సగానికి నడవాలి.

మిత్రులకు, గురువులకు నా విన్నపం ఒకటే. స్వర్ణోత్సవాల తర్వాత వచ్చే మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకు మూసారాంబాగ్ స్టేషన్ కింద కలుద్దాం. ఇప్పుడు మన బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లల్ని కూడా తీసుకెళ్దాం. ఎవరి చేతిలోనైనా కంపాస్ కనబడితే, సారు మాట నేను చెబుతాను.