పిల్లల ఆత్మగౌరవానికి కొలత ఉందా?

పిల్లల ఎత్తు, బరువు కొలుస్తాం. "నేను పనికొస్తానా?" అని వాళ్లు తమ గురించి అనుకునేదాన్ని ఎలా కొలుస్తాం?

అమెరికాలో సుసాన్ హార్టర్ 1985లో ఒక ప్రశ్నావళి తెచ్చారు. చదువు, స్నేహాలు, ఆటలు, రూపం, నడవడిక, మొత్తంగా తన మీద తనకున్న విలువ: ఆరు అంశాలు. కొందరు పిల్లలు ఇలా, ఇంకొందరు అలా, నువ్వు ఎవరిలా అని అడుగుతారు. ఏది చెప్పినా తప్పనిపించదు.

మన దగ్గర? 2002లో యంగ్ లైవ్స్ అధ్యయనం నాలుగు దేశాల్లో మొదలైంది. ఇండియాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ని తీసుకున్నారు. సుమారు 3,000 మంది పిల్లలు. అందులో మన శ్రీకాకుళం జిల్లా కూడా ఉంది. 1994-95లో పుట్టినవాళ్లని, అంటే నాకంటే కాస్త పెద్దవాళ్లని, పన్నెండేళ్ల వయసులో అడిగినవాటిలో బట్టలు, చెప్పులు, యూనిఫాం, పుస్తకాలు, పెన్సిళ్లు ఉన్నాయి. అవి ఉన్నందుకు గర్వమా, లేనందుకు సిగ్గా?

ఇక్కడ ఆగిపోయానండీ. ఆరో తరగతిలో చొక్కా చిరుగు కనబడకూడదని నేను చెయ్యెత్తేవాణ్ణి కాదు. సారు మొద్దు అనుకున్నారు. నేనూ అదే నమ్మేశాను.

2009లో డెర్కాన్, కృష్ణన్ ఆ నాలుగు దేశాల లెక్కలు చూశారు. ఇంటి పేదరికానికీ పిల్లల ఆత్మగౌరవానికీ సంబంధం కనిపించింది.

అందుకే, వెనక బెంచీ పిల్లాడికి ధైర్యం లేదనే ముందు, వాడి సంచిలో నోటుబుక్కు ఉందో లేదో ఒకసారి చూడండి.