ఐదు స్తంభాలు, ఒక ఫాంటు

జగ్గయ్యపేట పక్కన ధనంబోడు గుట్ట మీద ఒక బౌద్ధస్తూపం శిథిలాలున్నాయి. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ పనిచేసినప్పుడు ఆయక స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన శాసనం దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి, మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు స్తంభాలు నిలబెట్టించాడు. తన పేరొక్కటే వేసుకోలేదు. తల్లి, భార్య, సోదరుడు, పిల్లలు, అందర్నీ పేరుపేరునా కలుపుకున్నాడు. సకల ప్రాణుల మేలు కోసం అని చెప్పుకున్నాడు.

1837 నాటికి ప్రిన్సెప్ బ్రాహ్మీ గుట్టు విప్పాడు. బర్జెస్ దొరికించుకున్నదాన్ని బ్యూలర్ చదివిపెట్టాడు. దాదాపు 1,600 ఏళ్ళ తర్వాత కూడా ఆ రాయి మాట్లాడిందంటే, అందులో ఇంతమంది చెయ్యి ఉంది.

ఇప్పుడు మన కాలం సంగతి. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఒక డీటీపీ సెంటర్ ఊహించుకోండి. పెళ్ళిపత్రిక అయినా కవితాసంపుటి అయినా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలోనే. ఆ ఫైల్లో నిజానికి తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకి తెలుగు బొమ్మల ముక్కలు తొడిగారంతే. కంటికి 'అమ్మ' కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్‌కి మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాలే వినిపిస్తాయి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి 128 స్థానాలు కేటాయించారు. అయినా ఆ తర్వాత చాలా ఏళ్ళు మన పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లతోనే నడిచాయి.

తప్పెవరిది? టైపిస్టు తనకిచ్చిన ఫాంటు వాడాడు. ఫాంటు చేసినవాడు అప్పటి సాఫ్ట్‌వేర్‌లో నడిచేదే చేశాడు. ఎడిటర్ ప్రూఫు చూసి తప్పుల్లేవన్నాడు. వెబ్ కుర్రాడు పీడీఎఫ్ ఎక్కించాడు. ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేశారు. చెవులతో చదివే మనిషి మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో చూసేదీ ఇదే. రిలీజ్‌కి వారం ముందు 'యాక్సెసిబిలిటీ' అని ఒక టికెట్ తెరిచి ఒకడి మెడకి చుడతాం. అప్పటికే డిజైనర్ తెల్లటి నేల మీద లేత బూడిదరంగు అక్షరాలు పెట్టేసి ఉంటాడు. రాసేవాళ్ళు బొమ్మలకి వివరణ రాసి ఉండరు. కోడ్ రాసేవాడు బటన్‌కి పేరు పెట్టి ఉండడు. టెస్టర్ మౌస్ పక్కన పెట్టి ఒక్కసారి కీబోర్డుతో నడిపి చూసి ఉండడు. చివర్న వచ్చినవాడు ఇవన్నీ ఒక్కడే సర్దలేడు. అందుకే ఆ టికెట్ తర్వాతి రిలీజ్‌కి జరుగుతుంది, అక్కణ్ణించి ఆ తర్వాతిదానికి.

చట్టం 2016లో వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. ముఖానికి గాయాలైనవాళ్ళు, చూపులేనివాళ్ళు బ్యాంకు కేవైసీలో కళ్ళార్పి చూపించలేక ఆగిపోతున్నారన్నది ఆ కేసు. ఆ స్క్రీన్ వెనక కూడా ఒక టీమ్ ఉండే ఉంటుంది. అందులో ప్రతి ఒక్కరూ తమ పని పూర్తయిందనే అనుకుని ఉంటారు.

సిద్ధార్థుడు పుణ్యంలో ఇంటిల్లిపాదికీ వాటా రాశాడు. మనం పనిలో రాసుకుంటే చాలు. ఎవరి వంతు ఎంతో మొదటిరోజే, పేరుపేరునా.