మియాండర్: మెలికలకు మారుపేరైన నది

మైదానంలో నది పాములా తిరిగే వరుస వంపులను భూగోళశాస్త్రంలో ‘మియాండర్లు’ అంటారు. ఇది పండితులు కూర్చిన పారిభాషిక పదం కాదు. ఒక నది పేరే కాలక్రమంలో సామాన్య నామంగా స్థిరపడింది.

నేటి తుర్కియే నైరుతి భాగంలో ప్రవహించి ఏజియన్ సముద్రంలో కలిసే బుయుక్ మెండెరెస్ నదిని ప్రాచీన గ్రీకులు ‘మయాండ్రోస్’ అని పిలిచేవారు. దాని గమనం ఎంత వంకరగా ఉండేదంటే, మెలికలు తిరిగిన ప్రతిదానికీ ఆ పేరే వాడుకైందని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. ఆ మాట లాటిన్‌లోకి, అక్కడినుంచి 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి చేరింది. గ్రీకు కుండలపై, కట్టడాల అంచులపై కనిపించే మడతల గీతల అల్లికకూ ఇదే పేరు.

తెలుగులో ‘వంక’ అనే మాట ఇంతటి అర్థవిస్తృతి గలదే. అది వంపు, చిన్న వాగు, లోపం కూడా. ‘వాగులు, వంకలు పొంగాయి’ అనే వార్తావాక్యం శ్రోతలకు సుపరిచితం.

నది వంపు తిరిగే చోట నీటి వేగం వెలుపలి ఒడ్డు వద్ద ఎక్కువగా, లోపలి ఒడ్డు వద్ద తక్కువగా ఉంటుంది. అందువల్ల ఒక గట్టు కోతకు గురవుతుంటే, రెండో వైపు ఇసుక, ఒండ్రు మేట వేస్తాయి. వంపు నానాటికీ పెరుగుతుంది. చివరకు రెండు వంపుల నడుమ మిగిలిన సన్నని నేల తెగి, నది దగ్గరి దారి పడుతుంది. విడిపోయిన పాత పాయ గుర్రపునాడా ఆకారపు సరస్సుగా మిగులుతుంది. బీహార్‌లోని బేగూసరాయ్ జిల్లాలో బూఢీ గండక్ నది విడిచిన కన్వర్ సరస్సు ఇటువంటిదే. 2020లో దానికి రామ్‌సర్ గుర్తింపు లభించింది.

అయితే ఒడ్డున నివసించేవారికి ఈ వంపు కేవలం పాఠ్యాంశం కాదు. పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా, ముర్షిదాబాద్ జిల్లాల్లో గంగ కోతకు ఇళ్లు, పొలాలు, బడులు నదీగర్భంలో కలిసిపోయాయి. మాల్దాలో కోల్పోయిన నేల కొంత అవతలి ఒడ్డున, జార్ఖండ్ వైపు, మేటగా తేలింది. ఆ భూమి ఏ రాష్ట్రానిది, దానిపై హక్కు ఎవరిది అన్నది నిర్వాసితులకు తీరని ప్రశ్నగా మారింది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. మయాండ్రోస్ నది పొలాల సరిహద్దులను చెరిపివేసినప్పుడు జనం నదిపైనే వ్యాజ్యం వేసేవారని, నేరం రుజువైతే రేవుల్లో వసూలైన పడవ సుంకం నుంచి జరిమానా చెల్లించేవారని చెప్పుకొనేవారట. ఈ సంగతినీ స్ట్రాబోయే నమోదు చేశాడు. మన దేశంలో 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి నదీకోత నివారణకు రూ.1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైనవారి పునరావాసానికి రూ.1,000 కోట్లు సిఫార్సు చేసింది.

వంపు తిరగడం నది స్వభావం. దానికి వంక పెట్టి ప్రయోజనం లేదు. ఆ వంపులో నేల కోల్పోయినవారికి పరిహారం అందాలన్న ఆలోచన మాత్రం ఆ పదమంత ప్రాచీనమైనది.