జొన్నరొట్టె ఖరీదు

శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో పలనాటి జొన్నకూడు ఎగతాళికి గురయింది. వరి కలవారి అన్నమనీ, జొన్న లేనివారి కూడనీ భావించడం మనలో అంత పాతది. మా కోస్గి ప్రాంతంలో ఈ లెక్క ఎట్లా తలక్రిందులయిందో చెప్పడమే ఈ వ్యాసోద్దేశం.

పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2019లో నారాయణపేట జిల్లాలో చేరిన కోస్గి మెట్టసీమ. వాన నమ్ముకొన్న చేలలో జొన్న, నడుమ కంది సాళ్లు, అక్కడక్కడ సజ్జ, కొర్ర, తైదలు పండేవి. రాగులను మేము తైదలంటాము. నా బాల్యంలో రొట్టె, గటక, అంబలి నిత్యభోజనం. వరి అన్నం పండుగనాటి మాట. రొట్టెలోకి పుంటికూర పప్పో, చేనిగట్టున కోసుకొచ్చిన చెంచలికూరో ఉండేది. అయితే కరువు వస్తే ఆ జొన్నకూ దిక్కుండేది కాదు. కనుక ఆ కాలాన్ని స్వర్ణయుగమని నేననను.

1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. తరువాత ధర పెరిగినా, 2008లో మళ్లీ 2 రూపాయలకు, 2011లో 1 రూపాయికి దిగింది. 2003లో బడులలో మధ్యాహ్నభోజనం మొదలయ్యాక పిల్లల ముఖాలు తేటపడటం ఉపాధ్యాయునిగా కళ్లారా చూశాను. ఆ మేలును మరువరాదు.

కాని జొన్నకు అట్టి ఆదరణ దొరకలేదు. 2013 నాటి ఆహారభద్రతా చట్టం ముతకధాన్యాలకు కిలో 1 రూపాయి ధర నిర్ణయించినా, మా చౌకధరల దుకాణానికి ప్రధానంగా వచ్చింది బియ్యమే. తినేవారు తగ్గగా పండించేవారూ తగ్గారు, జొన్నచేలు పత్తిచేలయ్యాయి. నేడు రేషను బియ్యం ఉచితం, 2025 నుంచి సన్నబియ్యం కూడా. జొన్నలు మాత్రం అంగడిలో కొనవలసిందే. పేదవాని కూడు పేదవానికే ప్రియమయింది.

నష్టమెంతో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలు చెబుతాయి. 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపు, జొన్నల్లో 10 గ్రాములు. ఇనుము బియ్యంలో 0.65 మిల్లీగ్రాములు, జొన్నల్లో సుమారు 4. కాల్షియం బియ్యంలో 8 మిల్లీగ్రాములకు మించదు, తైదల్లో 364.

దీనికి మార్గం లేకపోలేదు. మనవంటి మెట్టప్రాంతమే అయిన జహీరాబాదు సీమలో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘాలు 1990ల్లోనే పడావు భూములలో జొన్న పండించి, ఊళ్లోనే నిలువచేసి, పేద కుటుంబాలకు తక్కువ ధరకు పంచాయి.

అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా 2023ను జరుపుకొన్నాము. నగరాల్లో అందమైన పొట్లాలు వెలిశాయి. కూలివానికి అవి అందవు. అతనికి అందే దారి వేరు. తలకు నెలకు 6 కిలోల బియ్యం ఉచితంగా వస్తున్నందున మిగిలే డబ్బులో కొంత విడి జొన్నలకు, కందిపప్పుకు కేటాయించవచ్చు. జొన్నలు గిర్నీలో పట్టించుకొంటే రోజుకొక పూట రొట్టె దొరుకుతుంది. గట్టుమీది కూరకు ఇప్పటికీ వెల లేదు. ఇక ప్రభుత్వం మన చేలలోని జొన్ననే కొని మన రేషను దుకాణానికి పంపితే, రైతుకూ కూలికీ కూడా న్యాయం జరుగుతుంది.