కళాశాలలలో డిజిటలు పాఠ్యగ్రంథముల చరిత్రము

సంస్కృతమున గ్రంథశబ్దము సందర్భార్థకమగు గ్రంథధాతువునుండి పుట్టినది. కూర్చుట, ఒకదానితో నొకటి ముడివేయుట దాని యర్థము. తాళపత్రములకు రంధ్రము చేసి త్రాటఁ గట్టి పలకల నడుమ నుంచిన కాలమున నీ శబ్దము వస్తువునకును అందలి విషయమునకును సమానముగా నన్వయించుచుండెను. కాగితము వచ్చినపిదపఁ ద్రాడు పోయి దారపుఁగుట్టు వచ్చెనే కాని ముడి తొలఁగలేదు. డిజిటలు గ్రంథమున మాత్రము ముడివేయఁదగిన పత్రమే లేదు. అక్షరములు సంఖ్యలుగా మాఱి యంత్రమున నిలిచి, కోరినపుడు తెరపైఁ బొడకట్టును. ఇట్టి గ్రంథము కళాశాలలలోని కెట్లు ప్రవేశించెను, విద్యార్థి కేమి యిచ్చెను, వానియొద్దనుండి యేమి తీసికొనెను అను నంశము లిందు విచారింపఁబడుచున్నవి.

తాళపత్రయుగమున విద్యార్థియే తఱచు వ్రాయసకాఁడు. గురువు చెప్పిన పాఠమును గంటముతో వ్రాసి మసి పూసి చదువుకొనెడువాఁడు. అతని పుస్తక మతని చేఁతపనియే. అందలి తప్పులును అతనివే. ముద్రణము దీనిని రెండు విధముల మార్చెను. మొదటిది, ప్రతులన్నియు నేకరూపములయ్యెను. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో ముద్రితమైనపిమ్మట వేర్వేఱు పట్టణముల బాలురు నొకే పుటలో నొకే పంక్తిని జదువఁగలిగిరి. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము స్థాపితమై పరీక్షలు నడపఁజొచ్చినతోడనే యీ యేకరూపత యావశ్యకమయ్యెను. రెండవది, పుస్తకము కొనఁదగిన వస్తువయ్యెను. కొన్నవాఁడు దానికి స్వామి. చదువు ముగిసినపిదపఁ దమ్మున కీయవచ్చును, సగము వెలకు నమ్మవచ్చును, అంచులలో టిప్పణి వ్రాసికొని ముప్పదియేండ్లు దాఁచుకొనవచ్చును. పాతపుస్తకముల యంగడి పేదవిద్యార్థికి రెండవ గ్రంథాలయమగుట యీ స్వామ్యమువలననే. డిజిటలు గ్రంథముల వివాదమున నధికభాగ మీ స్వామ్యమును గూర్చినదే.

అమెరికాదేశమందలి ఇల్లినాయి విశ్వవిద్యాలయ మీ చరిత్రమునకు జన్మస్థాన మనవచ్చును. 1960లో నచటఁ బ్లేటో యను కంప్యూటరు బోధనపద్ధతి యారంభమయ్యెను. డోనాల్డు బిట్జర్ దానికి నాయకుఁడు. 1971 జులై 4వ తేదీని ఆ విశ్వవిద్యాలయపుఁ గంప్యూటరుపైననే మైకేలు హార్టు అనువాఁడు అమెరికా స్వాతంత్ర్యప్రకటనమును టైపుచేసి యితరులకు లభింపఁజేసెను. గూటెన్‌బెర్గు ప్రాజెక్టున కదియే నాంది. మఱుసటియేఁడు జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున నున్న ఆలన్ కే "డైనాబుక్" అను యంత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాసెను. నోటుపుస్తకమంతటిదై, వెంటఁ గొనిపోఁదగినదై, చదువుటకును చిత్రములు గీయుటకును మాత్రమే కాక విద్యార్థి క్రొత్తవానిని దానే నిర్మించుటకును అది తోడ్పడవలెనని యతని యూహ. ఆ యంత్ర మా కాలమున నిర్మింపఁబడలేదు. ఐనను దరువాతి టాబ్లెట్టులకు నదియే బీజము. భేదమొక్కటి గమనింపఁదగినది. కే యూహించిన యంత్రమున విద్యార్థి కర్త. నేఁటి యంత్రములలో నతఁడు తఱచు భోక్త.

కళాశాలవారే యంత్రములను బంచిపెట్టుట 2004లోఁ బ్రసిద్ధి కెక్కెను. ఆ యేఁటి ఆగస్టున ఉత్తర కరోలినాలోని డ్యూకు విశ్వవిద్యాలయము ప్రథమవత్సరవిద్యార్థులు 1,600 మందికి మించినవారి కందఱికిని ఐపాడుల నిచ్చెను. పాటలు వినుటకుఁ బుట్టిన యా పరికరము ఉపన్యాసములను రికార్డు చేసికొనుటకును, అన్యభాషల యుచ్చారణమును వినుటకును ఉపయోగపడెను. ఐనను దరువాత నందఱికిని బంచుట మాని, పాఠమున దానితోఁ బనిగల తరగతులకే యిచ్చు పద్ధతి నవలంబించిరి. పాఠము ముందు, యంత్రము పిదప నను క్రమమే మేలని యిందువలనఁ దేలెను.

పాఠ్యపుస్తకమే యంత్రములోనికిఁ బోయిన పరీక్ష 2009లో జరిగెను. అమెజాన్ సంస్థ 2007 నవంబరులో కిండిల్ అను చదువుయంత్రమును, 2009లోఁ బెద్దతెర గల కిండిల్ డీఎక్సును వెలువరించెను. ఆ శరత్కాలమునఁ బ్రిన్‌స్టన్, ఆరిజోనా రాష్ట్రము, కేస్ వెస్టర్న్ రిజర్వు, పేస్, రీడ్ మున్నగు విద్యాసంస్థలు దానిని బరీక్షించెను. ప్రిన్‌స్టన్‌లో మూఁడు తరగతులకుఁ జెందిన సుమారు 50 మంది దానిని వాడిరి. కాగితపు వ్యయము తగ్గెను. కాని పంక్తిక్రింద గీఁత గీయుట, అంచున వ్రాసికొనుట, పుటలనడుమ వేగముగాఁ దిరుగుట కష్టమని విద్యార్థులు చెప్పిరి. పండితుఁడు గ్రంథమును జదువుట యనఁగా దానితో వాదించుట. వాదమునకు నంచు కావలెను.

ఇంతకంటె గురుతరమైన యాక్షేపణ మంధులనుండి వచ్చెను. ఆ యంత్రము గ్రంథమును బిగ్గరగాఁ జదువఁగలదు. కాని యా చదువును మొదలుపెట్టుటకుఁ దెరపైఁ గానవచ్చు పట్టికను మాత్రము చదువలేకపోయెను. అనఁగాఁ గన్నులు లేనివాఁడు తనకే మిగుల నుపకరింపఁదగిన సౌకర్యమును గన్నులున్నవాని సాయము లేక పొందలేఁడు. 2009 జూనులో అమెరికా యంధుల సంఘములు ఆరిజోనా రాష్ట్రవిశ్వవిద్యాలయముపై వ్యాజ్యము వేసెను. 2010 జనవరిలో నది రాజీపడెను. ఆ నెలలోనే కేస్ వెస్టర్న్ రిజర్వు, పేస్, రీడ్ సంస్థలు అంధుల కుపయోగింపని చదువుయంత్రములను దరగతులలోఁ బ్రవేశపెట్టఁబోమని న్యాయశాఖతో నొడంబడిక చేసికొనెను. 2010 జూను 29వ తేదీని న్యాయశాఖయు విద్యాశాఖయుఁ గలసి కళాశాలాధ్యక్షుల కీ విషయమున లేఖ వ్రాసెను. అచ్చుపుస్తక మంధునకు సహజముగానే మూసియుండెను. డిజిటలు పుస్తకమును మూయుట మాత్రము చేసినవారి దోషమే యను ధర్మ మందుఁ బ్రతిపాదితమయ్యెను. ఈ ధర్మమునకే సోదరమైన మర్రాకేష్ సంధి, యంధులకొఱకు గ్రంథములను వేఱురూపములఁ జేయుటకుఁ గాపీహక్కు అడ్డురాకుండఁ జేయునది, 2013 జూనులో నంగీకృతమయ్యెను. 2014 జూనులో దానిని మొట్టమొదట ధ్రువపఱచిన దేశము భారతదేశము.

స్వామ్యవిషయమునఁ బాఠకుల కనువిప్పు గలిగించిన సంగతియు 2009లోనే జరిగెను. ఆ జులైలో అమెజాన్ సంస్థ, హక్కులేనివాఁ డమ్మెనను కారణమున జార్జి ఆర్వెల్ గ్రంథములు రెండింటిని గొన్నవారి కిండిళ్లనుండి దూరమునుండియే తుడిచివేసెను. వెల తిరిగి యిచ్చిరి. పిదప క్షమాపణము చెప్పిరి. కాని గ్రంథముతోఁ గూడ నొక విద్యార్థి వ్రాసికొనిన టిప్పణులు పనికిరానివయ్యెను. 2019లో మైక్రోసాఫ్టు సంస్థ తన పుస్తకవిక్రయశాలను మూసినపుడు నచటఁ గొన్న గ్రంథములు చదువరాకపోయెను. అప్పుడును వెల తిరిగి వచ్చెను. వీనినిబట్టి చూడఁగా నిట్టి యంగడులలోఁ గొనుట యనుమాట లాక్షణికము. వాచ్యార్థము అనుమతి పొందుటయే.

దీనికిఁ బ్రతిగా వేఱొక మార్గము నేర్పడెను. టెక్సాసులోని రైస్ విశ్వవిద్యాలయమున రిచర్డు బరానియుక్ 1999లో కనెక్షన్స్ అను ప్రయత్న మారంభించెను. అది 2012లో ఓపెన్‌స్టాక్స్ రూపముఁ దాల్చి కళాశాలాపాఠ్యగ్రంథములను మూల్యము లేకుండఁ బ్రకటించుచున్నది. వానిని దాఁచుకొనవచ్చును, అచ్చువేసికొనవచ్చును. పేరు చెప్పి మార్చుకొనుటకును సాధారణముగా ననుమతి గలదు. కావున స్వామ్యనాశము డిజిటలు రూపమునకు సహజగుణము కాదు. విక్రేతలు చేసికొన్న యేర్పాటు మాత్రమే.

భారతదేశమున నీ కథ తెలుఁగునేలపైననే యొక ఘట్టము చూచినది. విద్యయందు సమాచారసాంకేతికతను వ్యాపింపఁజేయు జాతీయప్రణాళిక 2009 ఫిబ్రవరి 3వ తేదీని తిరుపతిలోఁ బ్రారంభింపఁబడెను. దాని ఫలముగా 2011 అక్టోబరు 5వ తేదీని ఢిల్లీలో "ఆకాశ్" అను టాబ్లెట్టు విడుదలయ్యెను. ఏడంగుళముల తెర గల యా యంత్రమునకు వెల సుమారు 2,250 రూపాయలు. విద్యార్థులకు సగము వెలకే యీయవలెనని సంకల్పము. హైదరాబాదులోని కర్మాగారమున నవి కూర్పఁబడెను. సంకల్పము గొప్పది, యంత్రము బలహీనము. వేగము చాలలేదు, బ్యాటరీ నిలువలేదు, తెర వ్రేలిఁ గట్టిగా నొక్కినఁగాని వినలేదు. 2012 నవంబరులో మెఱుఁగైన రెండవయాకాశ్ వచ్చెను గాని ప్రణాళిక కొలఁదికాలమునకే నిలిచిపోయెను.

ప్రభుత్వ మీయఁదలఁచిన యంత్రము రాకున్నను మొబైలు ఫోను దానంతట నదియే వచ్చెను. 2016 పిదప ఇంటర్నెట్టు వెల పడిపోవుటచే నది విద్యార్థుల చేతులలో నిండెను. 2017లో స్వయమ్ పాఠములును, 2018లో జాతీయ డిజిటలు గ్రంథాలయమును దేశమున కర్పింపఁబడెను. 2020 మార్చిలోఁ గరోనావ్యాధిచేఁ గళాశాలలు మూఁతపడఁగా ఫోనే తరగతియయ్యెను. అంతకుముందు 2017–18లో జరిగిన జాతీయ నమూనాపరిశీలనమున ఇంటర్నెట్టు సౌకర్యముగల కుటుంబములు నూటికి సుమారు 24. పల్లెలలో 15 మాత్రమే. అచ్చుపుస్తకము లేనివాఁడు పొరుగువాని ప్రతిని రాత్రికి నెరవు తెచ్చుకొనఁగలిగెను. ఇంటికంతకు నొక్క ఫోనున్నచోట నట్టి యెరవునకుఁ దావు తక్కువ.

తెలుఁగున నింకొక చిక్కు గలదు. 1968లో స్థాపితమైన తెలుఁగు అకాడమి కళాశాలలకు శాస్త్రగ్రంథములను దెలుఁగునఁ గూర్చెను. గ్రంథములున్నంత మాత్రమునఁ జాలదు. అక్షరము యంత్రమునకు నక్షరముగాఁ దెలియవలెను. 1991 అక్టోబరున వెలువడిన యూనికోడు మొదటికూర్పుననే తెలుఁగునకు స్థానము లభించెను. అరసున్నకును శకటరేఫమునకును అందుఁ జోటు గలదు. దంత్యములగు చకారజకారముల గుర్తులు 2008 నాఁటి కూర్పునను, ప్రాచీనశాసనములలోఁ గానవచ్చు ఴకారము 2014 నాఁటి కూర్పునను జేరెను. ఐనను బెక్కు ముద్రణాలయములు చిరకాలము సొంతఖతులను వాడినవి. వానిలోఁ దెరపైఁ దెలుఁగు గానవచ్చును. లోపల నున్న సంఖ్యలు వేఱొక లిపివి. చిత్తూరు జిల్లాలోఁ బుట్టిన రాజ్ రెడ్డి ప్రేరణమున దశలక్షగ్రంథప్రణాళికలోఁ దెలుఁగుపుస్తకములు వేలకొలఁది స్కానుచేయఁబడెను. అది మహోపకారమే, కాని యవి ప్రధానముగాఁ బుటల ఛాయాచిత్రములు. అట్టి పుస్తకమున నొక పదమును వెదకుట కష్టము. అంధునకు యంత్రము దానిని జదివి వినిపించుటయుఁ గష్టమే. వ్యాకరణసూత్రమున నొక్క వర్ణము తప్పినను అర్థము మాఱును గదా! వర్ణమే లేక చిత్రము మాత్రమున్నచోట శాస్త్రమున కాధార మెక్కడ?

చదువుటలోని ఫలభేదమును గూర్చియుఁ గొంత తెలిసినది. 2018లోఁ బ్రకటితమైన యొక సమీక్ష, 2000నుండి 2017వఱకు జరిగిన 54 పరిశీలనములను, 1,70,000 మందికి మించిన పాఠకులను లెక్కకుఁ దీసికొని, విషయప్రధానములగు రచనలను గాగితముపైఁ జదివినవారికే యవగాహన మించుక యెక్కువ యని తేల్చెను. కాలము నిర్ణయించి చదివించినపుడు భేదము హెచ్చెను. కథలయందుఁ జెప్పఁదగిన భేదము గానరాలేదు. కావునఁ గోశములు, సూచికలు, ఉచ్చారణపాఠములు యంత్రమునకును, నిదానముగా మననము చేయవలసిన మూలగ్రంథములు కాగితమునకును దగునని చెప్పుట యుక్తము.

ఈ చరిత్రమునుండి తేలిన సిద్ధాంతము సంగ్రహముగా నిది. డిజిటలు పాఠ్యగ్రంథము మూఁడు పరీక్షలకు నిలువవలెను. చదువు ముగిసినపిదపఁ గూడ నది విద్యార్థియొద్ద నుండవలెను. కన్నులు లేనివాఁడు పరసహాయము లేక దానిని దెఱవఁగలుగవలెను. అందలి యక్షరము చిత్రము గాక యక్షరమే కావలెను. ఈ మూఁడును గలచోట గ్రంథశబ్దము దానికిఁ జక్కఁగా నన్వయించును. వీనిలో నొకటి లోపించినను దాళపత్రపుఁ బ్రతిని స్వహస్తమున వ్రాసికొనిన విద్యార్థియే మేలుగలవాఁడు. అతని ప్రతిని దూరమునుండి తుడిచివేయఁగలవాఁ డెవఁడును లేకుండెను.